అమెరికా అడిగిందని మన వలలకు తాబేలు తలుపు పెట్టాలా?

రాయపురం నివాసి (చర్చ ప్రారంభం):
2025 జనవరిలో చెన్నై, చెంగల్పట్టు తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వందల సంఖ్యలో చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. నీలాంకరై ఇసుకలో ఒక్క ఉదయమే నేను తొమ్మిదింటిని చూశాను. కళ్ళు ఉబ్బి, మెడలు వాచి ఉన్నాయి. నీళ్ళలో ఊపిరాడక చనిపోయిన గుర్తులు అవి. తాబేలు ఎప్పటికప్పుడు పైకి వచ్చి గాలి పీల్చుకోవలసిన ప్రాణి. గంటల తరబడి సముద్రపు నేల మీద బోటు ఈడ్చే ట్రాల్ వలలో చిక్కితే దానికి ఆ వీలుండదు.

వల సంచికి ముందు ఏటవాలుగా ఒక ఇనుప చట్రం బిగించి, దాని పక్కన తలుపు వదిలితే, రొయ్య కడ్డీల సందుల్లోంచి సంచిలోకి పోతుంది, తాబేలు కడ్డీలకు తగిలి తలుపులోంచి బయటపడుతుంది. దీన్నే టెడ్ (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్) అంటున్నారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన నమూనాను తయారు చేసింది కూడా. మన బోట్లు దీన్ని వాడటం లేదన్న కారణంతో అమెరికా 2019 మే 1 నుంచి మన సముద్రపు రొయ్యను రానివ్వడం లేదు. టెడ్‌ను ప్రతి ట్రాల్ బోటులోనూ కచ్చితంగా అమలు చేయాలని నా అభిప్రాయం.

కాశిమేడు బోటు యజమాని:
మాది తాతల నాడు నెల్లూరు జిల్లా నుంచి చెన్నై కాశిమేడు హార్బరుకు వచ్చిన కుటుంబం, నాకు రెండు బోట్లున్నాయి. తాబేలు చావాలని మాలో ఎవరూ కోరుకోరు. మా కలాసీల్లో సగం మంది శ్రీకాకుళం వాళ్ళు, శ్రీకూర్మం వెళ్ళి కూర్మనాథుడికి మొక్కినవాళ్ళు. అయితే అమెరికా బోటు రొయ్య కోసమే వల వేస్తుంది, మాకు రొయ్యతోపాటు వచ్చే పెద్ద చేప, టేకు చేప కూడా డబ్బే. తాబేలు పోయే తలుపులోంచి అవీ పోతాయి. డీజిలు ఖర్చు పోగా మిగిలినదాన్నే పాలు వేసి పంచుకునే మాకు ఆ నష్టాన్ని ఎవరు పూడుస్తారు? నిషేధం వచ్చిన ఏడాది మా రొయ్య కొనే ఏజెంటు ఆ పేరు చెప్పి ధర తగ్గించాడు. భీమవరం చెరువుల వెనామీ రొయ్యకు మాత్రం ఈ షరతు లేదు. మన సముద్రంలో మనం ఎలా వేటాడాలో ఇంకో దేశం చెప్పడం న్యాయం కాదు.

న్యాయశాస్త్ర విద్యార్థిని:
బాబాయిగారూ, మీ చివరి మాటనే మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు వాదించింది. ఈ షరతు పెట్టిన 1989 నాటి అమెరికా చట్టం మొదట కరీబియన్, పశ్చిమ అట్లాంటిక్ ప్రాంత దేశాలకే వర్తించేది. అక్కడి కోర్టు తీర్పు వల్ల 1996 మేలో అన్ని దేశాలకూ వర్తింపజేశారు. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ఫిర్యాదు చేశాయి.

1998 అక్టోబరులో ఆ సంస్థ అప్పీలు సంఘం ఇచ్చిన తీర్పును చాలామంది 'మనం గెలిచాం' అని సగమే చెబుతారు. తాబేలు సముద్రాల మధ్య వలస పోయే జీవి కనుక దాన్ని కాపాడటానికి దిగుమతులపై షరతు పెట్టడం గాట్ అనే వాణిజ్య ఒప్పందంలో మినహాయింపులు చెప్పే 20వ అధికరణ పరిధిలోకి వస్తుందని ఆ సంఘం ఒప్పుకుంది. తప్పుపట్టినది అమలు చేసిన తీరును. కరీబియన్ దేశాలకు మూడేళ్ళ గడువు, సాంకేతిక సాయం ఇచ్చి, మనకు నాలుగు నెలలే ఇచ్చారు. వాళ్ళతో కూర్చుని ఒప్పందం కుదుర్చుకున్నారు, మనతో అలా కూర్చోలేదు. ఆ తర్వాత అమెరికా పద్ధతి మార్చుకుంది, మలేషియా మళ్ళీ సవాలు చేసి 2001లో ఓడిపోయింది.

నాకు ఆ తీర్పులో విలువైనది ఇదే: లక్ష్యం మంచిదైనంత మాత్రాన సరిపోదు, భారం మోసేవాళ్ళతో ముందుగా మాట్లాడాలి, గడువు ఇవ్వాలి, సాయం చేయాలి. మనం అమెరికాను అడిగిన న్యాయాన్నే ఇప్పుడు కాశిమేడు మన ప్రభుత్వాల్ని అడగవచ్చు. కాని టెడ్ వద్దనడానికి ఆ తీర్పు మనకు ఆధారం కాదు.

ఎగుమతి సంస్థ ఉద్యోగి:
ఒక్క విషయం మాత్రం చెబుతాను. మన దగ్గర నుంచి అమెరికాకు వెళ్ళే రొయ్యలో అత్యధికం చెరువులదే కనుక, సముద్రపు రొయ్య మీది నిషేధం పెద్ద ఎగుమతిదారును కదిలించలేదు. ఇన్నేళ్ళు ఈ సమస్య తేలకపోవడానికి అదీ ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

కాశిమేడు బోటు యజమాని:
అమ్మా, నువ్వు చెప్పినది అర్థమైంది. అయితే తమిళనాడు చట్టం ప్రకారం తీరం నుంచి 5 నాటికల్ మైళ్ళ (సుమారు 9 కిలోమీటర్ల) లోపల ట్రాల్ బోటు వేటాడకూడదు. గుడ్లు పెట్టే తాబేళ్ళు తిరిగేది ఎక్కువగా ఆ నీళ్ళలోనే. ఆ ఒక్క నియమాన్ని గట్టిగా అమలు చేస్తే టెడ్ ఎందుకు?

రాయపురం నివాసి:
అన్నగారూ, తీరానికి దగ్గరగా ట్రాల్ వద్దన్న నియమం 1983 చట్టం నాటి నుంచీ ఉన్నదే. అయినా రొయ్య ఉండేది లోతు తక్కువ నీళ్ళలో కనుక బోట్లు లోపలికి వస్తూనే ఉన్నాయి, రాత్రివేళ 9 కిలోమీటర్ల గీతకు కాపలా కాయడం ఎంత కష్టమో మీకు నాకంటే బాగా తెలుసు. తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, తాబేళ్ళు మన ఇసుకకు వచ్చేది జనవరి నుంచి మార్చి వరకు. అందుకే గీత తప్పినప్పుడు కూడా ప్రాణం దక్కించే తలుపు వలలోనే ఉండాలంటున్నాను. పెద్ద చేప పోతుందన్న మీ మాటను నేను కొట్టిపారేయను. దాని విలువ ఎంతో మన నీళ్ళలోనే తూచి, ఆ డబ్బు బోటుకు చెల్లించాలి.

కాశిమేడు బోటు యజమాని:
అలా అయితే నా రెండు బోట్లనూ ఇస్తాను. ఒకదానికి టెడ్ బిగించండి, రెండోదానికి వద్దు, జనవరి నుంచి మార్చి వరకు పక్కపక్కనే వేటాడతాయి. హార్బరులో దించిన ప్రతి బుట్టనూ మత్స్యశాఖ వాళ్ళ ఎదుట, మా సంఘం ఎదుట తూచాలి. తేడా ఎంత వస్తే అంత ఇస్తామని వేటకు ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి.