అప్‌డేట్: దిండు గలీబు చివరికి సరిపోయింది!

పోయిన వారం అడిగాను కదా, మొదటిసారి కుట్టిన గలీబులో దిండు పట్టట్లేదని. తప్పు నాదే. దిండు 17 × 27 అంగుళాలుంటే గుడ్డ కూడా సరిగ్గా అంతే కత్తిరించాను, కుట్టుకు మార్జిన్ వదల్లేదు!

ఈసారి మా అవ్వ పాత నూలు చీర తీసుకున్నాను. అప్పుడు మీరు చెప్పినట్టే, గుడ్డ కుంచించుకుపోయేదుంటే ముందే పోవాలని నానబెట్టాను. అనంతపురం ఎండకి ఇట్టే ఆరిపోయింది. వెడల్పు 19 అంగుళాలు, అంటే ఒక్కో పక్క కుట్టుకు అర, వదులుకు అర. పొడవు 62: రెండు వైపులకీ 54, దిండు బయటికి జారకుండా మూసే లోపలి మడతకి 6, అంచులకి 2. చీర పన్నాలో (వెడల్పులో) ఇలాంటి ముక్కలు పక్కపక్కనే రెండు వచ్చాయి.

ఒక్కచోట మళ్లీ దెబ్బతిన్నాను. గుడ్డ మంచివైపు పైకి పరిచి, ముందు చిన్న మడత (ఆ 6 అంగుళాలది) వేసి దానిమీద పెద్దది వేశాను. కుట్టి తిరగేస్తే చిన్న మడత బయటికొచ్చి కూర్చుంది. కుట్టింది పది నిమిషాలు, ఊడదీసింది గంట! పెద్ద భాగం ముందు మడిచి, చిన్నది చివర్లో వేస్తేనే అది లోపలికి పోతుంది.

రెండోది మిషన్ లేకుండా చేత్తోనే కుట్టాను. కాస్త వంకర. అవ్వ మాత్రం అదే కావాలని తీసుకుపోయింది.