శాన్ సీరోని కూల్చేయాల్సిందేనా? అక్కడ మ్యాచ్ చూసినవాళ్లు చెప్పండి

మూడో_అంతస్తు:
తెలియనివాళ్ల కోసం ముందు విషయం చెప్తాను. 2025 సెప్టెంబరు 30 తెల్లవారుజామున ఇటలీలోని మిలానో నగర కౌన్సిల్ 24-20 ఓట్లతో శాన్ సీరో ఫుట్‌బాల్ స్టేడియాన్ని, చుట్టూ ఉన్న స్థలాన్ని అక్కడే ఆడే ఇంటర్, మిలాన్ క్లబ్బులకు అమ్మడానికి ఒప్పుకుంది. ధర 197 మిలియన్ యూరోలు, నవంబరులో సంతకాలు కూడా అయిపోయాయి. పక్కనే 71,500 సీట్లతో కొత్త స్టేడియం కట్టి, పాతదాన్ని చాలావరకు పడగొడతారు.

నేను ఇక్కడే చదువుకుంటున్నాను. నా దగ్గరున్న డబ్బులకి ఎప్పుడూ దొరికేది మూడో అంతస్తు టికెట్టే. లోటో దగ్గర మెట్రో దిగి జనంతో పాటు నడుస్తుంటే ముందు ఆ ఎర్ర దూలాలు కనిపిస్తాయి, తర్వాత కాంక్రీటు టవర్లు. టవర్ లోపల తిరుగుతూ తిరుగుతూ పైకెక్కి బయటికి రాగానే మైదానం మొత్తం కాళ్ల కింద ఉంటుంది. గోల్ పడి జనం ఎగిరితే ఆ అంతస్తు కదలడం అరికాళ్లకి తెలుస్తుంది. దీన్ని కూల్చడం అన్యాయం అని నా అభిప్రాయం. మీరేమంటారు?

కాకినాడ_ఇంటరిస్తా:
తమ్ముడూ, నువ్వు సంతోషంగా చెప్పిన ఆ ఎక్కడమే నా కోపం. మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. పైకి టికెట్లు దొరికాయి, ఆయన మోకాళ్లు సగంలోనే మొరాయించాయి. ఆగి ఆగి ఎక్కేసరికి మొదటి గోల్ అయిపోయింది. హాఫ్‌టైంలో మా ఆవిడ టాయిలెట్ లైన్లో నిలబడితే సెకండాఫ్ మొదలై చాలాసేపయ్యాక వచ్చింది. సీట్ల మధ్య కాళ్లు పెట్టుకునే చోటు లేదు. 1926లో కట్టి, 1955లో రెండో అంతస్తు వేసి, 1990 వరల్డ్ కప్ కోసం మూడోది పైన పెట్టారు. ఆ మూడోది, పైకప్పు వచ్చాక గడ్డికి ఎండా గాలీ తగ్గి ఏళ్ల తరబడి పిచ్ పాడైంది. ఎన్నాళ్లు అతుకులు వేస్తారు?

నవీన్_తొరీనో:
కూల్చేయడమే మంచిది. మరమ్మతుల సంగతి తేల్చలేకపోయారని 2027 చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల టోర్నీ) ఫైనల్‌ని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా ఇక్కడి నుంచి తీసేసింది కూడా.

మలక్‌పేట_రోసోనేరీ:
ఫైనల్ పోతే పోనీ అన్నా. నేను హైదరాబాద్ నుంచి ఒకే ఒక్కసారి వచ్చి చూసి వెళ్లిన మిలాన్ ఫ్యాన్‌ని. 2005లో చాంపియన్స్ లీగ్ డెర్బీ (ఇంటర్, మిలాన్ మధ్య మ్యాచ్), జనం విసిరిన మంటలు గ్రౌండ్‌లో పడి, పొగలో ఇంటర్ ఆటగాడు మాతెరాత్సి మా మిలాన్ ఆటగాడు రూయి కోస్తా భుజం మీద చేయి వేసుకుని నిలబడిన ఫొటో చూసే చిన్నప్పుడు ఈ ఆటలో పడ్డాను. ఆ గోల్‌పోస్ట్ ఎక్కడుందో వెతుక్కుని చూశాను. ఇక్కడ హైదరాబాద్‌లో లాల్ బహదూర్ స్టేడియంలో మా మామయ్యతో కలిసి మ్యాచ్‌లు చూసేవాళ్లం, 2005 నుంచి పెద్ద క్రికెట్ అంతా ఉప్పల్‌కి పోయింది. ఇప్పుడు ఆ స్టేడియం ముందు నుంచి వెళ్తుంటే లోపల ఏం జరిగేదో మా పిల్లలకి చెప్పినా ఎక్కదు. కనీసం అది నిలబడి ఉంది. మీరు అక్కడ నేలమట్టం చేస్తామంటున్నారు.

కాకినాడ_ఇంటరిస్తా:
ఫొటో కోసం 70 వేల మంది ఇరుకు సీట్లలో కూర్చోవాలా? టాయిలెట్ల సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

మూడో_అంతస్తు:
అన్నా, టాయిలెట్లు కట్టడానికి స్టేడియం కూల్చక్కర్లేదు.

కాకినాడ_ఇంటరిస్తా:
1950ల నాటి కాంక్రీటులో కొత్త పైపులు ఎక్కడ నుంచి లాగుతావు? నేను బిల్డింగ్ సర్వీసుల పనిలోనే ఉన్నాను. ఒక పాత ఆఫీసులో అంతస్తుకి రెండు టాయిలెట్లు పెంచడానికే నెలలు పట్టింది. ఇక్కడ వారం వారం మ్యాచ్, రెండు క్లబ్బులు, వేసవిలో కచేరీలు. ఎప్పుడు మూసి పని చేస్తారు?

సుజన_పి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఈ సీజన్‌లో మిలానో వస్తున్నాను, ఒక రీసేల్ సైట్‌లో టికెట్ ఉంది, తీసుకోవచ్చా? దాని మీద వేరేవాళ్ల పేరుంది.

మలక్‌పేట_రోసోనేరీ:
వద్దండీ. ఇటలీలో టికెట్ మీద పేరుంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్ట్‌తో పోల్చి చూస్తారు. నా స్నేహితుడిని అలాగే వెనక్కి పంపారు, అమ్మినవాళ్లు డబ్బులూ ఇవ్వలేదు. క్లబ్బు సైట్‌లోనే మీ పేరు మీద కొనండి. తూర్పు వైపు ఆరెంజ్ సెక్టర్, పడమర రెడ్ సెక్టర్, ప్రశాంతంగా చూడొచ్చు. దక్షిణాన రెండో అంతస్తు మిలాన్ కుర్వా (వీరాభిమానులు నిలబడి అరిచే వైపు), ఉత్తరాన ఇంటర్ కుర్వా, మొదటిసారి అక్కడికి వెళ్లకండి. వాటర్ బాటిల్ మూత గేటు దగ్గరే తీసేస్తారు.

సుజన_పి:
థాంక్స్ అండీ.

మూడో_అంతస్తు:
సర్వీసుల గురించి మీకు తెలుసు, ఒప్పుకుంటాను. కానీ నవంబరులోనే సంతకాలు ఎందుకంత తొందరగా పెట్టారో కూడా చెప్పండి. రెండో అంతస్తుకి 70 ఏళ్లు నిండితే వారసత్వ కట్టడాల చట్టం కిందికి వచ్చి కూల్చడం కష్టమవుతుంది. ఆ గడువు 2025 నవంబరు. పైపుల కోసమే అయితే అంత పరుగు అవసరమా?

కాకినాడ_ఇంటరిస్తా:
ఆ గడువు దాటితే ఇంకో ఇరవై ఏళ్లు ఇదే గోల. అందుకే పరుగు. ఏళ్లకేళ్లు కమిటీలు, మీటింగులే కదా జరిగాయి.

మలక్‌పేట_రోసోనేరీ:
1934 వరల్డ్ కప్ సెమీఫైనల్, 1990లో కామెరూన్ అర్జెంటీనాని ఓడించిన ఆరంభ మ్యాచ్, 2026 ఫిబ్రవరిలో వింటర్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం, అన్నీ ఒకే చోట. ఇలాంటిది ఇంకోటి చూపించండి.

కాకినాడ_ఇంటరిస్తా:
ఒకసారి వచ్చి ఫొటో తీసుకుని వెళ్లినవాళ్లు లిస్టులు చదువుతుంటే ఒళ్లు మండుతోంది. మీరు విమానం ఎక్కి వెళ్లిపోతారు. ఆ తమ్ముడు చదువైపోగానే జర్మనీయో ఇంకోటో పోతాడు. నేను ఇక్కడే ఉంటాను. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, వాడి క్లాసులో అందరూ ఇంటర్. 2024 ఏప్రిల్ 22న డెర్బీలో గెలిచి ఇంటర్ ఇరవయ్యో ఇటలీ లీగ్ టైటిల్ తెచ్చిన రాత్రి వాడు ఏడ్చాడు. వాడికి ముప్పై ఏళ్లు వచ్చాక కూర్చునే స్టేడియం గురించి నేను మాట్లాడుతున్నాను. మీకు మ్యూజియం కావాలి, నాకు మా ఇంటిల్లిపాది వెళ్లే చోటు కావాలి.

మూడో_అంతస్తు:
నేను ఎక్కడికి పోతానో మీరెలా చెప్తారు? రాత్రి షిఫ్టులో డెలివరీలు చేసి ఆ టికెట్ కొంటాను. మ్యాచ్ అయ్యాక బయట బండి దగ్గర సలమెల్లా (సాసేజ్) శాండ్‌విచ్ తినాలంటే కూడా లెక్క చూసుకోవాలి. మీరు ఇంటిల్లిపాదినీ కింద సీట్లలో కూర్చోబెట్టగలరు కాబట్టి కొత్తది కావాలంటున్నారు. తొరీనో నగరం చూడండి. అక్కడి పాత స్టేడియం దెల్లే ఆల్పి దాదాపు 69 వేలు, దాన్ని పడగొట్టి యువెంటస్ క్లబ్బు 2011లో కట్టింది 41 వేల సీట్లది. సీట్లు తగ్గి, బాక్సులు, లాంజ్‌లు వస్తే పైన కూర్చునేవాడు ఎక్కడికి పోతాడు?

నవీన్_తొరీనో:
దెల్లే ఆల్పి సగం ఖాళీగా ఉండేది, మధ్యలో రన్నింగ్ ట్రాక్, ఆట కనపడేది కాదు. కొత్తది కట్టాక వరసగా తొమ్మిది టైటిళ్లు గెలిచారు.

మూడో_అంతస్తు:
గెలుపు అడగలేదు నేను. ధర అడిగాను.

శాన్‌సీరో_వాసి:
నేను స్టేడియానికి దగ్గర్లోనే ఉంటాను, ఇద్దరు పిల్లలు. మ్యాచ్ రోజు బండి పెట్టుకునే చోటుండదు, కచేరీ ఉంటే కిటికీ అద్దాలు అదురుతాయి. అవి అలవాటైపోయాయి. ఇప్పుడు కట్టడం కొన్నేళ్లు, కూల్చడం కొన్నేళ్లు, ఆ దుమ్ము ఎవరు పీలుస్తారు? చుట్టూ నగరపాలక ఇళ్లలో ఈజిప్టు, మొరాకో కుటుంబాలు, పెన్షన్ మీద బతికే ముసలివాళ్లు. టికెట్ ధర గురించి మీరు కొట్టుకుంటున్నారు, కొత్తది వచ్చాక మా అద్దె ఎంతవుతుందని ఒక్కరూ అడగలేదు.

మలక్‌పేట_రోసోనేరీ:
మేడం, మీరన్నది నిజంగా నా బుర్రకి తట్టలేదు.

కాకినాడ_ఇంటరిస్తా:
తమ్ముడూ, డబ్బున్నవాడినని అనకు. నేను వచ్చిన కొత్తలో ఐదుగురం ఒక గదిలో ఉన్నాం, అప్పుడు నేనూ ఆ పైనే కూర్చున్నాను. ధర పెరుగుతుందనే భయం నాకూ ఉంది, రేపు మా అబ్బాయి మొదటి జీతంతో కొనుక్కోవాల్సింది కూడా ఆ టికెట్టే. కానీ దానికి మందు పాత స్టేడియం కాదు. ఇక్కడే ఉంచినా క్లబ్బులు ధర పెంచవా? డెర్బీకి ఇప్పుడే ఎంత పెట్టారో చూశావుగా.

మూడో_అంతస్తు:
పెంచుతారు. కానీ ఇన్నాళ్లూ స్టేడియం నగరపాలక సంస్థది, అద్దె ఒప్పందంలో ఏదో ఒకటి అడిగే హక్కు నగరానికి ఉండేది. అమ్మేశాక అడిగేదెవరు? పై సీట్లు ఇంత ధర దాటకూడదని అమ్మకం పత్రంలో రాయించుకోవాల్సింది. అమ్మేముందు దాని గురించి గట్టిగా అడిగినవాళ్లు ఎవరు?

కాకినాడ_ఇంటరిస్తా:
దాని మీద ఉత్తరం రాయి, నా పేరు కూడా పెట్టు. పై అంతస్తుకి లిఫ్టులు ఉండాలని కూడా రాయి. కూల్చొద్దని రాస్తే మాత్రం నా పేరు పెట్టకు.

మూడో_అంతస్తు:
ధరల ఉత్తరం వేరుగా రాస్తాను. కూల్చొద్దనే దాని కింద నా పేరు ఒక్కటే పెడతాను.

శాన్‌సీరో_వాసి:
అద్దెల మాట రాస్తే నాదీ పెట్టండి. రెండింటి కిందా.