లండన్ దిగుమతిదారుకు ఎండుమిర్చి ప్రతిపాదన: ఇంగ్లీషు లేఖలో మర్యాద ఎంతవరకు ఉండాలి?

ప్రశ్న (గుంటూరు):
మాది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే కుటుంబం. సొంతంగా ఎగుమతి చేయాలన్న ఉద్దేశంతో ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావలసిన కోడ్ నంబరు), స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ తీసుకున్నాము. తేజ రకం ఎండుమిర్చి సరఫరా చేస్తామంటూ లండన్‌లోని ఒక మసాలా దినుసుల దిగుమతి సంస్థకు ప్రతిపాదన పంపాలి. నేను రాసిన లేఖ ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలై, ‘యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్’ను నాలుగు వాక్యాలు పొగిడి, మా తాతగారి కాలం నుంచి ఈ వ్యాపారంలో ఉన్న సంగతి చెప్పి, ‘కైండ్లీ డు ది నీడ్‌ఫుల్’తో ముగుస్తుంది. మా మేనల్లుడు దీన్ని చదివి, తహసీల్దారుకు పెట్టుకున్న అర్జీలా ఉందన్నాడు. మర్యాద తగ్గకుండా దీన్ని ఎలా మార్చాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (బ్రిటన్‌లో ఆహార పదార్థాల కొనుగోలు విభాగం ఉద్యోగి):
మీ మేనల్లుడు చెప్పింది నిజమేనండి. ఇలాంటి లేఖలు మాకు తరచూ వస్తుంటాయి. వాటిలో పొగడ్త ఉన్న పేరాను ఎవరూ చదవరు. సరుకు ఏమిటి, తొడిమతోనా తొడిమ తీసినదా, తేమ ఎంత శాతం, ఘాటు ఎన్ని ఎస్‌హెచ్‌యూ (ఘాటును కొలిచే స్కోవిల్ యూనిట్లు), రంగు ఎంత ఆస్టా (మిర్చి రంగును కొలిచే ప్రమాణం) అన్నవే మేము మొదట వెతికే వివరాలు. ఆ తరువాత చూసేది అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల సరుకులో చేరే విషపదార్థం. ఇక్కడ ఎండుమిర్చికి బి1 అనే రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించకూడదు కాబట్టి, లాట్‌వారీగా ల్యాబ్ రిపోర్టు ఇస్తామన్న ఒక్క వాక్యం మీ తాతగారి కాలం గురించిన పేరా కంటే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. ధర చెప్పేటప్పుడు ఎఫ్‌ఓబీ చెన్నైయా (చెన్నైలో ఓడకెక్కించేవరకు అయ్యే ధర), సీఐఎఫ్ లండన్ గేట్‌వేయా (ఓడ కిరాయి, బీమా కలిపి లండన్ గేట్‌వే రేవు వరకు అయ్యే ధర) అన్నది తప్పక రాయండి. ఓడ కిరాయి ఎవరిదో తెలియని ధరను మేము ఇతరుల ధరలతో పోల్చలేము. చదివేవారికి మళ్లీ అడిగే శ్రమ లేకుండా చేయడమే ఇక్కడివారి దృష్టిలో పెద్ద మర్యాద.

సమాధానం 2 (ఎగుమతి సంస్థల ఉత్తరప్రత్యుత్తరాలు చూసే ఉద్యోగి, విశాఖపట్నం):
పై మాటలకు భాష సంగతి కొంత కలుపుతాను. మనం తెలుగులో ‘గారు’, ‘తమరు’, ‘అండి’ అంటూ చూపే గౌరవాన్ని ఇంగ్లీషు ఎక్కువగా క్రియలోనే చూపుతుంది. ‘ప్లీజ్ కన్ఫర్మ్ యువర్ ఆర్డర్ ఇమ్మీడియట్లీ’ అన్న వాక్యంలో ప్లీజ్ ఉన్నా అది ఆజ్ఞలాగే వినిపిస్తుంది. ‘ఇఫ్ దిస్ ఈజ్ ఆఫ్ ఇంటరెస్ట్, వి వుడ్ బి గ్లాడ్ టు సెండ్ యు ఎ సాంపుల్’ అంటే, వద్దనడానికి కూడా వారికి వీలు మిగులుతుంది. కొనుగోలు అధికారి పేరు తెలుసుకుని ‘డియర్ మిస్టర్’ లేదా ‘డియర్ మిజ్’ తరువాత ఇంటిపేరు రాయండి. పేరుతో మొదలైన లేఖను ‘యువర్స్ సిన్సియర్లీ’తోనూ, ‘డియర్ సర్ ఆర్ మేడమ్’తో మొదలైనదాన్ని ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’తోనూ ముగించడం బ్రిటన్ పద్ధతి. ఈమెయిల్‌కైతే ‘కైండ్ రిగార్డ్స్’ చాలు.

సమాధానం 3 (దుబాయ్):
‘రెస్పెక్టెడ్ సర్’ను అన్నిచోట్లా తీసేయనక్కరలేదని నా అభిప్రాయం. ఇక్కడి కొనుగోలుదారుల్లో చాలామంది మన దేశంవారే కాబట్టి వారికి అది సహజంగానే ఉంటుంది. లండన్‌కు మాత్రం పై ఇద్దరి సలహానే సరైనది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మొదటి పేరాను ఇలా మార్చాను: ‘వి ఆర్ చిల్లీ ఎక్స్‌పోర్టర్స్ బేస్డ్ ఇన్ గుంటూర్, అండ్ వుడ్ లైక్ టు ఆఫర్ యు స్టెమ్‌లెస్ తేజ చిల్లీస్, విత్ ఎ ల్యాబ్ రిపోర్ట్ ఫర్ ఈచ్ లాట్.’ సబ్జెక్టు లైనులో ‘బిజినెస్ ప్రపోజల్’ అని పెట్టవచ్చునా?

సమాధానం 1:
పేరా బాగుంది. సబ్జెక్టు లైను మాత్రం మార్చండి; ఆ రెండు మాటలతో మోసపు ఈమెయిళ్లు కూడా ఎన్నో వస్తాయి. ‘తేజ డ్రైడ్ చిల్లీస్, స్టెమ్‌లెస్: ఆఫర్ ఫ్రమ్ గుంటూర్’ అని పెట్టి, ల్యాబ్ రిపోర్టును పీడీఎఫ్‌గా జతచేయండి.