సమస్యాపూరణం: చేయి లేని వాని చేయి నొచ్చె

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం ఛందస్సు ఆటవెలది. సమస్య, అంటే పద్యం ముగియాల్సిన పాదం: "చేయి లేని వాని చేయి నొచ్చె". షరతు ఒక్కటే, పూరణలో మెదడు రావాలి. పూరీ జగన్నాథుణ్ణి తెచ్చి అందంగా తప్పించుకునేవాళ్లు ఉంటారని తెలిసే ఈ షరతు పెట్టాను.

తెనాలి టీచర్:
గురువు గారూ, నా ప్రయత్నం.

యుద్ధమందు చేయి యూడిన భటునకు
లేని వేళ్లు బిగిసి లేపె మంట
మెదడు లోని పటము మిగిలి యున్నందున
చేయి లేని వాని చేయి నొచ్చె

అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులకు వైద్యం చేసిన సైలస్ వైర్ మిచెల్ అనే ఫిలడెల్ఫియా డాక్టరు ఈ బాధకు 1871లో 'ఫాంటమ్ లింబ్' అని పేరు పెట్టాడు. పిడికిలి బిగుసుకుపోయి గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నట్టు ఉంటుందట. విప్పుదామంటే చెయ్యే లేదు. 'లేని వేళ్లు బిగిసి' అన్నది అందుకే.

నిర్వాహకుడు:
చక్కటి పూరణ అమ్మా. మూడో పాదం ప్రాణం. ఒక్క 'యూడిన' మాత్రం నాకు నచ్చలేదు. పళ్లు ఊడతాయి, మేకులు ఊడతాయి. "పోరులోనఁ జేయి పోయిన భటునకు" అంటే యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో అక్షరం కలవడం) కుదురుతుంది, సరళాదేశం ('చేయి' 'జేయి'గా మారడం) గొడవా తీరిపోతుంది.

తెనాలి టీచర్:
బాగుంది, అలాగే ఉంచండి.

ఓరుగల్లు వాసి:
నాది ఇంకో దారి.

బుగ్గ మీద దూది ముట్టిన యంతనే
పోయినట్టి వేలు పులకరించె
చెంప చెంతఁ జేతి సీమయే మెదడున
చేయి లేని వాని చేయి నొచ్చె

వివరణ: మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ రోగి మెలకువగా ఉండగానే మెదడు మీద సన్నటి కరెంటు పెట్టి, ఎక్కడ ముట్టుకుంటే ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో అడిగి రాసుకున్నాడు. మెదడు కణజాలానికి సొంతంగా నొప్పి తెలియదు కాబట్టే అది సాధ్యమైంది. 1937లో అచ్చయిన ఆ పటంలో చేతికి పక్కనే ముఖం ఉంటుంది. ఒంట్లో మాత్రం చెయ్యెక్కడ, చెంపెక్కడ! చేయి పోయిన మనిషి బుగ్గ మీద దూదితో తాకితే లేని వేళ్లలో స్పర్శ తెలిసిందని 1990లలో వి.ఎస్. రామచంద్రన్ చూపించారు.

నిర్వాహకుడు:
బు–ము యతి చెల్లుతుంది, సందేహం అక్కర్లేదు. 'చెంప చెంతఁ జేతి సీమ' అనేది ఈ పుటలో ఇప్పటిదాకా వచ్చిన పాదాల్లోకెల్లా మేటి. కానీ దూది తగిలితే పులకరించిందన్నారు, ఆ వెంటనే నొచ్చిందంటున్నారు. నొప్పి ఎక్కడి నుంచి వచ్చింది సార్? మూడో పాదాన్ని "దానికన్న ముందు దాఁగని బాధతో" అని మారిస్తే అన్వయం కుదురుతుంది.

ఓరుగల్లు వాసి:
అన్వయం కుదురుతుంది, పద్యం పోతుంది. మూడో పాదం వదులుకోను గురువు గారూ. లోపంతోనే ఉండనివ్వండి.

న్యూరో డాక్టరమ్మ:
పద్యాలు రాయడం రాదు, చదవడమే. కానీ పై రెండు పూరణలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి, ఎవరూ గమనించినట్టు లేదు!

మెదడు పైభాగంలో చెవి నుంచి చెవికి అడ్డంగా గీసినట్టు ఒక గాడి ఉంటుంది. దాని వెనక మడత స్పర్శకు, ముందు మడత కదలికకు. వెనక మడతలో ఒళ్లంతా వరసగా పరిచి ఉంటుంది, కొలతలు మాత్రం వేరు. వీపంతటికీ దక్కిన చోటు కంటే పెదవులకూ వేళ్లకూ దక్కినదే ఎక్కువ. చేయి పోయినప్పుడు ఆ చోటు ఏమవుతుందన్నదే ప్రశ్న.

ఓరుగల్లు వారి పద్యం వెనకున్న సిద్ధాంతం ప్రకారం ఖాళీ స్థలాన్ని పక్కింటి ముఖం కబ్జా చేస్తుంది. చేతి నుంచి వచ్చే నరాలను ఎప్పుడో తెంపిన కోతుల్లో చేతి ప్రాంతం ముఖాన్ని ముట్టుకుంటే స్పందించిందని 1991లో తేలింది. కబ్జా ఎంత ఎక్కువైతే నొప్పి అంత ఎక్కువని 1995లో జర్మనీ వాళ్లు చూపించారు. టీచర్ గారి పద్యం దానికి విరుద్ధం: పటం చెరిగిపోలేదు, అందుకే నొప్పి. 2013లో ఆక్స్‌ఫర్డ్ బృందం అదే చెప్పింది. లేని చేతిని కదిపినట్టు ఊహించుకోమని స్కాన్ తీస్తే చేతి ప్రాంతం వెలిగింది, నొప్పి ఎక్కువున్నవాళ్లలో ఇంకా ఎక్కువగా వెలిగింది. 2025లో ముగ్గురిని చేయి తీయక ముందూ, తీసిన తరువాతా స్కాన్ చేసి చూస్తే పటం దాదాపు అలాగే ఉంది.

కాబట్టి నా ఓటు తెనాలికే. దూది ప్రయోగంలో ఆ మనిషికి కలిగిన అనుభూతి నిజమే, దానికి కబ్జాయే కారణమా అన్నదే తగువు.

ఓరుగల్లు వాసి:
డాక్టరమ్మా, సైన్సు ఓడినా పాదం నిలుస్తుంది లెండి :)

డల్లస్ అత్తయ్య:
అమ్మాయీ, భలే చెప్పావు. ఇదిగో నాది.

అద్ద మెదుట నున్న యసలైన చేతినే
లేని చేయి యనుచు లీలఁ జూపి
మెదడు బిగువు సడల మేలయ్యె, మునుపేమొ
చేయి లేని వాని చేయి నొచ్చె

అట్టపెట్టె మధ్యలో అద్దం నిలబెట్టి ఉన్న చేతిని ఒక పక్క పెడతారు. అద్దంలో చూస్తే పోయిన చేయి తిరిగొచ్చినట్టు కనిపిస్తుంది. ఉన్న పిడికిలి విప్పితే లేని పిడికిలీ విడుతుంది. ఇదీ రామచంద్రన్ గారిదే.

నిర్వాహకుడు:
'మునుపేమొ' అని సమస్యను గతంలోకి నెట్టడం గడుసుతనం. 'లీల' పాదం నింపడానికి వేసినట్టుంది, 'లెస్సఁ జూపి' అనవచ్చేమో.

డల్లస్ అత్తయ్య:
అద్దం చేసేది లీలే కదా నాయనా! 'లెస్స'లో ఆ మాయ ఏదీ?

నిర్వాహకుడు:
ఒప్పుకున్నాను. ఉంచండి.

న్యూరో డాక్టరమ్మ:
అత్తయ్య గారూ, పద్యం చాలా బాగుంది. అద్దం అందరికీ పనిచేయదని మాత్రం చెప్పాలి. కొందరికి ఉపశమనం, కొందరికి ఏమీ ఉండదు.

కొత్త సభ్యుడు:
మొదటిసారి రాస్తున్నా, కొంచెం టెన్షన్‌గానే ఉంది.

ఎడమ మెదడు చెప్పు కుడిచేతి పనులను
కుడి మెదడున నెడమ నడుచుచుండు
కుడికి దెబ్బ తగిలి కొఱవడె ననుకొన్న
చేయి లేని వాని చేయి నొచ్చె

నిర్వాహకుడు:
టెన్షన్ ఎందుకు బాబూ? ఎడ–కుడి, కుడి–నడు అని రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి రెండు పాదాల్లో వేశావు, పాతకాపులే తడబడే చోటది. అన్వయం ఒక్కటే తప్పింది. 'అనుకొన్న' అన్నది చేతికి అంటుకుంది, మనిషికి అంటుకోవాలి. "కుడికి దెబ్బ తగల కొఱవడె తన లెక్క" అని చూడు. తన లెక్కలో చేయి లేనివాడు అని అర్థం వస్తుంది.

న్యూరో డాక్టరమ్మ:
విషయం కూడా సరైనదే. మెదడులో కుడి పెరైటల్ భాగంలో (ఆ గాడికి వెనక వైపు) స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొందరు ఎడమ చేతిని చూపించి "ఇది నాది కాదు, ఎవరిదో" అంటారు. పక్షవాతం వచ్చిన వైపు భుజం నొప్పి మామూలే, కాబట్టి 'నొచ్చె' కూడా నిలుస్తుంది.

అనంతపురం అవధాని అభిమాని:
అందరూ చేతినే పట్టుకున్నారు. నేను విరుపుతో వస్తున్నా.

కూలి దొరకు నేమొ కునుకేల లెమ్మని
మెదడు తొందరించె మేను కదల
"మోయు మెత్తు దించు మొఱలేల యీ పని
చేయి!" లేనివాని చేయి నొచ్చె

నిర్వాహకుడు:
ఓహో! 'లేనివాడు' అంటే పేదవాడన్నమాట. మెదడు షరతూ దాటలేదు. అడ్డా మీద పని కోసం నిలబడ్డ మనిషి కళ్ల ముందు కనిపించాడు. ఈ వారం నా మెచ్చుకోలు దీనికే.

న్యూరో డాక్టరమ్మ:
అన్నగారూ, 'చేయి' అనే ఆజ్ఞ గాడికి ముందు మడత నుంచి వెళ్తుంది, నొప్పి ఎక్కడుందో వెనక మడత చెబుతుంది, అది బాధగా అనిపించడానికి ఇన్సులా లాంటి లోపలి భాగాలు కావాలి. నాలుగో పాదం ఒక్కటే గాడిని దాటేసింది!

నిర్వాహకుడు:
ఆదివారం దాకా పూరణలు పంపవచ్చు. వచ్చే వారం సమస్య: "చూడలేని వాఁడు చూచె బంతి". షరతు మళ్లీ మెదడే. డాక్టరమ్మ గారూ, కిటుకు ముందే చెప్పేయకండి.