ఎనిమిది లైట్లు, దేని స్విచ్ దానికే, అన్నిటికీ కలిపి ఒక మాస్టర్ స్విచ్: వైరింగ్ ఎలా?

ప్రహరీలైటు:
సింగిల్ ఫేజ్ ఇల్లు, పైన ఒక అంతస్తు. ప్రహరీ చుట్టూ ఎనిమిది లైట్లు, ఒక్కోటి 9 వాట్ల ఎల్‌ఈడీ. స్విచ్‌లు నాలుగు హాల్లో, రెండు వంటింట్లో, రెండు మేడ మీద. పడకగదిలో మాస్టర్ వేస్తే, విడి స్విచ్‌లు ఎలా ఉన్నా ఎనిమిదీ వెలగాలి. మాస్టర్ తీసేస్తే మళ్లీ దేని స్విచ్ దానిదే. మాస్టర్ నుంచి ఒక వైరు లాగి, ప్రతి స్విచ్‌లో లైటుకు వెళ్లే వైరుతో కలిపేస్తే చాలని వైర్‌మన్ అంటున్నాడు. అంతేనా? పైపులు వేసి ఉన్నాయి, వైర్లు ఇంకా లాగలేదు.

టెస్టర్_చేతిలో:
అలా కలిపితే ఎనిమిది లైట్ల వైర్లూ ఒకటైపోతాయండీ. ఆ తర్వాత ఏ ఒక్క స్విచ్ వేసినా అన్నీ వెలుగుతాయి, విడి స్విచ్‌లు ఉండీ లేనట్టే.

ఎనిమిది చోట్లా మామూలు స్విచ్ బదులు మూడు స్క్రూలుండే టూ-వే స్విచ్ పెట్టండి. కామన్ (స్విచ్ తిప్పినప్పుడల్లా మిగతా రెండు స్క్రూల్లో ఏదో ఒకదానికి కలిసేది) నుంచి వైరు లైటుకు వెళ్లాలి. మిగతా రెండిట్లో ఒకదానికి ఎప్పుడూ ఉండే ఫేజ్ (కరెంటు వచ్చే వైరు), రెండోదానికి మాస్టర్ లైను. ఈ మాస్టర్ లైను ఎనిమిది స్విచ్‌లనూ లూప్ చేస్తూ పడకగదికి చేరుతుంది. అక్కడ మామూలు వన్-వే స్విచ్ ద్వారా దానికి ఫేజ్ ఇవ్వండి. లైట్ల న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నేరుగా, మధ్యలో ఏ స్విచ్చూ ఉండకూడదు.

మాస్టర్ ఆఫ్‌లో ఉంటే ఆ లైను ఖాళీ, కాబట్టి అటు తిప్పిన లైటు ఆరుతుంది. మాస్టర్ వేస్తే స్విచ్ ఎటున్నా ఫేజే దొరుకుతుంది.

చాలా మాడ్యులర్ స్విచ్‌లలో కామన్ మధ్య స్క్రూయే. అయినా మల్టీమీటర్ బీప్‌తో చూసుకున్నాకే బిగించండి.

కాయిల్90మీటర్లు:
పై సర్క్యూట్ సరైనదే. కానీ మీ స్విచ్‌లు మూడు చోట్ల ఉన్నాయి, అసలు చిక్కు అక్కడే. హాలుకూ వంటింటికీ మేడకూ వేర్వేరు ఎంసీబీలు (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్‌లు) ఉంటే, ఆయా బోర్డుల్లో ఉన్న ఫేజ్ తీసుకోకండి. వంటింటి ఎంసీబీ దించి బోర్డు విప్పినా, మాస్టర్ వేసి ఉంటే ఆ లైను మీదుగా అక్కడ కరెంటు ఉంటుంది. విప్పినవాడికి షాక్ కొట్టొచ్చు. న్యూట్రల్ వేరే ఆర్‌సీసీబీది (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) కలిస్తే అది ట్రిప్ అవుతూనే ఉంటుంది. త్రీ ఫేజ్ ఇళ్లలోనైతే ఒకే స్విచ్ రెండు స్క్రూల మధ్య 415 వోల్టులు చేరొచ్చు. ఎనిమిదిటికీ ఒకే 6 ఆంప్ ఎంసీబీ, ఒకే ఫేజ్, ఒకే న్యూట్రల్.

ఇన్వర్టర్ ఉంటే మాస్టర్‌తో సహా మొత్తం దాని లైను మీదే వేయండి, 72 వాట్లు దానికి లెక్కే కాదు. సగం ఇన్వర్టర్ మీద, సగం మెయిన్స్ మీద మాత్రం వద్దు. ఎక్కడైనా కనెక్షన్ తారుమారై రెండూ కలిస్తే, కరెంటు వచ్చిన క్షణంలో ఇన్వర్టర్ పోతుంది.

వైరు 1.5 చదరపు మి.మీ. రాగి. మాస్టర్ లైనుకు పసుపు రంగు కేటాయించి, ప్రతి బోర్డులో చీటీ అంటించండి. విడి స్విచ్‌లు 6 ఆంప్ టూ-వే చాలు. మాస్టర్ 16 ఆంప్‌ది పెట్టండి: మామూలుగా నడిచే కరెంటు తక్కువే గానీ, ఎనిమిది ఎల్‌ఈడీ డ్రైవర్లూ (బల్బులోని సర్క్యూట్లు) ఒకేసారి లాగే మొదటి దెబ్బకు చిన్న కాంటాక్టులు అతుక్కోవచ్చు.

ప్రహరీలైటు:
అర్థమైంది. పడుకునేటప్పుడు అన్నీ ఒకేసారి ఆర్పడానికి ఇంకో స్విచ్ కుదురుతుందా? కనెక్షన్ తప్పితే ఎలా తెలుస్తుంది?

టెస్టర్_చేతిలో:
కుదురుతుంది. ఎంసీబీ నుంచి ఫేజ్‌ను ముందు పడకగదికి తెచ్చి ఒక 16 ఆంప్ వన్-వేలోంచి పోనివ్వండి. దాని తర్వాత ఒక కొమ్మ మాస్టర్‌కు, ఇంకోటి ఎనిమిది స్విచ్‌ల ఫేజ్‌కు. అంటే పడకగది నుంచి బయటికి రెండు వైర్లు వెళ్తాయి. ఈ కొత్త స్విచ్ ఆఫ్‌లో ఉన్నంతసేపు మేడ మీదివాళ్లు ఎంత నొక్కినా వెలగదు, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. సీసీ కెమెరా, వైఫై దీని మీద వేయకండి.

తప్పులు పట్టడం తేలికే. ఒక స్విచ్ ఆర్పితే, ఆరి ఉన్న మిగతావన్నీ వెలిగాయా? దాని కామన్‌కు ఫేజ్ ఇచ్చారన్నమాట. స్విచ్ వేస్తే తన లైటు వెలగకుండా మిగతావి వెలిగితే కామన్‌లో మాస్టర్ లైను ఉంది. పైకీ కిందికీ తలకిందులుగా పనిచేస్తే పక్క రెండు వైర్లు మారాయంతే, ప్రమాదం లేదు. ఎంసీబీ దించి, బల్బులు పెట్టకముందే, మాస్టర్ ఆఫ్‌లో ఉంచి, ఫేజ్‌కూ మాస్టర్ లైనుకూ మధ్య మల్టీమీటర్ పెట్టి ఒక్కో స్విచ్ అటూ ఇటూ తిప్పండి. ఎక్కడా బీప్ రాకూడదు.

కాయిల్90మీటర్లు:
ఒకటి మిగిలింది. ఏడు వెలుగుతూ ఒకటే ఆపినప్పుడు అది మిణుకుమిణుకుమంటే వైరింగ్ తప్పని కంగారుపడకండి. ఖాళీగా ఉన్న మాస్టర్ లైను, పైపులో ఫేజ్ పక్కనే పోతూ కొద్దిగా వోల్టేజ్ పట్టుకుంటుంది. పడకగది బోర్డులో మాస్టర్ లైనుకూ న్యూట్రల్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం (మెయిన్స్ వోల్టేజ్ మీద పెట్టడానికి తగిన) కెపాసిటర్, దానితో సిరీస్‌లో 100 ఓమ్ రెసిస్టర్ పెడితే పోతుంది, ఎనిమిదిటికీ ఆ ఒక్కటి చాలు. మాస్టర్‌కు ఆఫ్‌లో వెలిగే ఇండికేటర్ ఉన్న స్విచ్ మాత్రం కొనకండి, అదే ఈ మిణుకుకు ఇంకో కారణం.