రెండో తరగతి పుస్తకం అయిపోయింది, మూడోది తెరిస్తే ఏడుపు. రోజుకు ఎన్ని పేజీలు?

గుంతకల్లు అమ్మ:
పొద్దున తొమ్మిదికి కూర్చున్నాం, ఇప్పుడు పన్నెండున్నర. రెండో తరగతి లెక్కల పుస్తకం రెండు నెలల్లో ముగించిన పిల్ల, మూడోది తెరిస్తే పెన్సిల్ విసిరేస్తాంది. బడికి పంపడం లేదు, ఇంట్లోనే చెప్తాన్నా. వెనక్కి పోదామంటే "ఇది నాకొచ్చు" అంటాది. ముందుకు పోతే ఏడుపు. రోజుకు ఎన్ని పేజీలు చేయించాల? ఎవరన్నా తిన్నగా చెప్పండి, తల పగిలిపోతాంది.

ఆదోని సారు:
వయసెంత?

రూల్స్ రెడ్డి, నంద్యాల:
పేజీల సంగతి తర్వాత, ముందు ఇది చూసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది, బడిలో చేర్పించే బాధ్యత తల్లిదండ్రుల మీద పెట్టింది. ఇంటి చదువుకు సర్టిఫికెట్ కావాలంటే ఎన్‌ఐఓఎస్ (కేంద్రం ఓపెన్ స్కూలు) వాళ్ల ఓపెన్ బేసిక్ కోర్సు ఉంది: ఎ స్థాయి 3వ తరగతికి, బి 5కి, సి 8కి సమానం. అక్కడ పదో తరగతికి మాత్రం 14 ఏళ్లు నిండాల్సిందే, పిల్ల ఎంత ముందున్నా సరే. నవోదయ (ఆరో తరగతి నుంచి కేంద్రం నడిపే హాస్టల్ బడి) ఆలోచన ఉంటే 3, 4, 5 తరగతులు గుర్తింపున్న బడిలో చదివుండాలి. బనవాసి నవోదయ అయినా లేపాక్షి నవోదయ అయినా ఇదే రూలు.

తాడిపత్రి తమ్ముడు:
ఆమె పేజీలు అడిగితే నువ్వు లేపాక్షి దాకా పోయినావే అన్నా.

గుంతకల్లు అమ్మ:
ఐదేళ్ల నాలుగు నెలలు. చెప్పలేదా? చదవడం బాగా వచ్చు, ఒత్తులతో సహా. చందమామ కథలు తనే చదువుతాది. అందరూ గిఫ్టెడ్ అంటారు.

భాషాభిమాని, కర్నూలు:
గిఫ్టెడ్ ఎందుకమ్మా, "ఏకసంతాగ్రాహి" అని మనకు చక్కటి మాట ఉంది కదా.

ఆదోని సారు:
సంథ. థ కు ఒత్తు. పైగా అది ఒకసారి వినగానే పట్టేవాళ్లకు వాడే మాట. ఈ పాప సంగతి అది కాదు.

కడప లెక్కలక్క:
ఐదేళ్ల పాప అని మొదటే చెప్పింటే సగం మాటలు మిగిలేవి. రోజూ ఎంతసేపు, ఎట్ల చేయిస్తాన్నారు? నోటితోనా, పుస్తకంలో రాయించా?

గుంతకల్లు అమ్మ:
రాయించే. నలభై తీసివేతలు. రెండు గంటలు.

కడప లెక్కలక్క:
అదే మరి. బుర్ర మూడో తరగతిలో ఉంది, వేళ్లు ఐదేళ్లవి. ఈ రెండింటికీ ఒకటే వేగం పెడితే పెన్సిల్ ఎగురుతుంది. పేజీలు లెక్కపెట్టడం మానేయండి.

లెక్కలు నోటితో, పలక మీద చేయించండి. పావు గంట, మించితే ఇరవై నిమిషాలు. రాత వేరే పూట పది నిమిషాలు, పొట్టి పెన్సిల్‌తో, అక్షరాల కోసమే. రెండూ కలపొద్దు.

ఏ పాఠం వదిలేయాలో తెలియాలంటే, పాఠం చెప్పకుండానే దాని చివరి అభ్యాసంలోంచి పది లెక్కలు అడగండి. తొమ్మిది వస్తే ఆ పాఠం దాటేయొచ్చు. ఆరు నుంచి ఎనిమిది వస్తే తప్పిన రకం మాత్రమే చెప్పండి. ఐదు, అంతకంటే తక్కువైతే మొదట్నుంచి. దాటేసిన దాన్ని పది రోజుల తర్వాత ఇంకోసారి అడగండి, అప్పుడు తేలుతుంది అసలు వచ్చిందా లేదా.

ఇంకొకటి. పుస్తకం "ముగించడం" నన్ను నమ్మించదు. 130లో పదులెన్ని అని అడగండి. 13 అనాలి. 3 అంటే స్థానాలు కంఠస్థమే, అర్థం కాలేదు. అట్లే 52 – 27.

గుంతకల్లు అమ్మ:
130లో 13 అనింది. 52 – 27 నోటితో అడిగితే 25. రాయమంటే 35 రాసింది!! ఇదేందక్కా?

కడప లెక్కలక్క:
ఏడులోంచి రెండు తీసేసింది. చిన్నది కింద ఉందా పైన ఉందా అని చూడకుండా పెద్దదాంట్లోంచి చిన్నది. మామూలు తప్పే. భావం ఉంది, అరువు తెచ్చుకునే గుర్తు మాత్రం కాగితం మీద అర్థం కాలేదు. రూపాయి బిళ్లలు, పది నోట్లు తీసుకోండి. ఐదు నోట్లు, రెండు బిళ్లలు పెట్టి 27 రూపాయలు ఇమ్మనండి. బిళ్లలు చాలవు, ఒక నోటు చిల్లర మార్చాల్సిందే. మార్చిన వెంటనే 5 కొట్టేసి 4, రెండు పక్కన ఒకటి రాసి 12, ఇట్ల ఆమె చేతనే రాయించండి. రోజుకు నాలుగు లెక్కలు చాలు, నలభై కాదు. డబ్బులు లేకుంటే చింతగింజలు పదేసి మూటలు కట్టినా అంతే.

తాడిపత్రి తమ్ముడు:
గింజలకు బదులు బుడ్డలు (శెనక్కాయలు) పెట్టొద్దు, తినేస్తారు.

అనంత ఎక్కాలు:
ఇదంతా ఎందుకు, అబాకస్‌లో చేర్పిస్తే పోలా? ఇరవై ఎక్కం దాకా కంఠస్థం చేయించండి, అన్నీ అవే వస్తాయి.

కడప లెక్కలక్క:
రావు. ఎక్కాలు కావాలి, కాదనను. కానీ 7 × 8 మరిచిపోతే 7 × 5 = 35, 7 × 3 = 21, రెండూ కలిపి 56 అని తెచ్చుకునే దారి తెలియాల. అబాకస్ పూసల కదలికలు నేర్పుతుంది, ఈ పాపకు ఇప్పుడు తప్పుతున్నది పూసలు కాదు.

రూల్స్ రెడ్డి, నంద్యాల:
మన ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి. రెండూ చదివిస్తే రెట్టింపు పని. ఒక భాషలోనే లెక్క చెప్పండి.

ఆదోని సారు:
ఇది పనికొచ్చే మాట.

భాషాభిమాని, కర్నూలు:
సంథ, సంత రెండూ వాడుకలో ఉన్నాయి, నిఘంటువు చూసి చెప్తా.

గుంతకల్లు అమ్మ:
పడుకుంది. రేపు చిల్లరతో చూస్తాం. థాంక్స్ అక్కా. నాలుగు గీతల నోటుబుక్కు వాడాలా, రెండు గీతలదా?