కాసాబ్లాంకాకి యూదు అతిథులు వస్తున్నారు: కోషర్ భోజనం, చూడాల్సిన చోట్లు చెప్పగలరా?

ఏలూరు అబ్బాయి:
అందరికీ నమస్కారం. నేను మొరాకోలోని కాసాబ్లాంకా వచ్చి మూడు వారాలైంది. మా మేనేజరు వాళ్ల అమ్మానాన్న వచ్చే నెల న్యూయార్క్ నుంచి వస్తున్నారు. ఆ అమ్మగారు ఇక్కడి మెల్లాలోనే (పాత యూదుల పేట) పుట్టి చిన్నప్పుడే వెళ్లిపోయారట. ఇద్దరూ కోషర్ (యూదుల ఆహార నియమాల ప్రకారం చేసింది) తప్ప తినరు. మేనేజరు ఊళ్లో ఉండరు, గురువారం నుంచి ఆదివారం దాకా నన్ను చూసుకోమన్నారు. ఇక్కడ మాంసమంతా హలాలే కదా, అది సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

గాజువాక అన్న:
సరిపోదు తమ్ముడూ. కోషర్ మాంసం వాళ్ల పద్ధతి నేర్చిన యూదుడే కోయాలి, పాలూ మాంసమూ కలవకూడదు, గిన్నెలు కూడా వేరు. మామూలు హోటల్లో కూరగాయల తజీన్ (మట్టికుండలో వండే కూర) చెప్పినా తినరు, ఎందుకంటే నిన్న అదే కుండలో మాంసం ఉడికి ఉంటుంది. 1948 ప్రాంతంలో మొరాకోలో రెండున్నర లక్షల మంది యూదులుండేవారు, ఇప్పుడు కొన్ని వేల మందే, అందులో ఎక్కువమంది ఈ ఊళ్లోనే. అందుకే కోషర్ మాంసం కొట్లు, హోటళ్లు ఇక్కడ దొరుకుతాయి. కానీ శుక్రవారం పొద్దు వాలకముందే మూసేస్తారు, మళ్లీ శనివారం రాత్రికే. శనివారం భోజనం గురువారమే చెప్పి డబ్బు కట్టేయి. దఫీనా దొరుకుతుందేమో అడుగు. గోధుమలు, శనగలు, బంగాళదుంపలు, గుడ్లు, మాంసం ఒకే కుండలో రాత్రంతా సన్నసెగ మీద ఉంచుతారు. ఆ అమ్మగారు చిన్నప్పుడు తిన్న వంట అదే అయ్యుంటుంది.

తెనాలి అక్క:
భోజనం సరే, ముందు బస చూడు బాబూ. నువ్వు అడగలేదు గానీ నాకు దెబ్బ తగిలింది అక్కడే. రెండేళ్ల కిందట మావారి ఆఫీసుకి ఇలాగే ఓ పెద్ద దంపతులు వస్తే రోజుల లెక్కన అద్దెకిచ్చే ఫ్లాట్ మాట్లాడాను. మొదటి అంతస్తు, మామూలు తాళంచెవి, సినగాగ్‌కి (యూదుల ప్రార్థనా మందిరం) నడిచి వెళ్లే దూరం అని ఇంటాయనకి ఫోన్లో మూడుసార్లు చెప్పాను. తీరా శుక్రవారం నాలుగింటికి వెళ్తే ఆ ఫ్లాట్‌లో పైపు పగిలిందని ఆరో అంతస్తుది చూపించాడు, తలుపుకి నంబరు నొక్కే తాళం. షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా వాళ్ల విశ్రాంతి రోజు) మొదలయ్యాక వాళ్లు లిఫ్ట్ నొక్కరు, లైటు వెయ్యరు, డబ్బు ముట్టరు. ఇంకో చోటు వెతకడానికి టైమ్ లేదు. డెబ్బై దాటిన పెద్దావిడ ప్రార్థన నుంచి వచ్చి అంతస్తుకోసారి ఆగుతూ ఆరూ ఎక్కింది. తలుపు తియ్యమని నోరు తెరిచి అడగదు, వాళ్ల నియమం అది. ఆ రాత్రీ మర్నాడూ నేనే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అడ్వాన్సు వెనక్కి అడిగితే "ఉన్నారుగా" అన్నాడు, పైసా రాలేదు. ఏ ఫ్లాటో, ఏ తాళమో కాగితం మీద రాయించుకో.

కాకినాడ వాసి:
నా మాట విని శనివారం ఎస్సౌయిరా తీసుకెళ్లు. పాత పేరు మొగదోర్. సముద్రపు గాలి, పాత మెల్లా, హైమ్ పింటో సినగాగ్, ఇప్పుడు బైత్ దాకిరా అని యూదుల జ్ఞాపకాల ఇల్లు కూడా ఉంది. కాసాబ్లాంకాలో ఏముందండీ చూడ్డానికి?

గాజువాక అన్న:
శనివారం వాళ్లు బండే ఎక్కరు కదండీ! ఒకవైపే నాలుగున్నర, ఐదు గంటల ప్రయాణం. ఇక కాసాలో ఏముందంటే, ఒయాసిస్ పేటలో మొరాకో యూదుల మ్యూజియం ఉంది, 1997లో తెరిచారు, ఒకప్పుడు అనాథ పిల్లల ఆశ్రమం. అరబ్ దేశాల్లో మొదటి యూదు మ్యూజియం అదే. పాత మదీనాలో (ఇక్కడి పాత ఊరు) ఎత్తెద్గీ సినగాగ్‌ని బాగుచేసి 2016లో మళ్లీ తెరిచారు. పుట్టిన వీధుల పక్కనున్న చోటు వదిలేసి ఆవిడని ఎక్కడికో తీసుకెళ్లమంటారా?

కాకినాడ వాసి:
సరే, శనివారం సంగతి నేను ఆలోచించలేదు. ఆదివారం వెళ్లొచ్చుగా. నేను వెజిటేరియన్‌ని, కాసాలో కోషర్ కొట్లు నాకు బాగా పనికొస్తాయి. పార్వే అని ఉంటే కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు.

తెనాలి అక్క:
అలా కొనకండి. పార్వే అంటే మాంసం, పాలు లేవని మాత్రమే. చేప, గుడ్డు ఉండొచ్చు.
బాబూ, ఇంకోటి. 2003 మే 16న ఇక్కడ జరిగిన బాంబు దాడుల లక్ష్యాల్లో యూదుల సంఘం భవనం, శ్మశానం కూడా ఉన్నాయి. అప్పట్నుంచీ సినగాగ్‌ల దగ్గర పోలీసులు ఉంటారు. ముందే ఫోన్ చేయించి, పాస్‌పోర్టులు పెట్టుకుని వెళ్లు, కాపలా వాళ్ల ఫొటో తియ్యకు. శుక్రవారం సాయంత్రమైతే ఫోన్ జేబులోంచి తియ్యకు.

చేబ్రోలు కోడలు:
ఒక్క మాట. మా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే యూదులున్నారు, చిన్న సినగాగ్ కూడా ఉంది. ఆ పెద్దవాళ్లకి చెప్పు, సంతోషిస్తారు.

ఏలూరు అబ్బాయి:
అక్కా, అన్నా, చాలా థాంక్స్. మేనేజరుని అడిగాను, వాళ్ల అమ్మగారికి మోకాళ్ల నొప్పులట. మూడు హోటళ్లకి ఫోన్ చేస్తే ఒకరు కింది అంతస్తులో తాళంచెవి గది ఇస్తామన్నారు, రాసిమ్మని అడిగాను. అక్కడి నుంచి బెత్ ఎల్ సినగాగ్‌కి ఎంత సేపు పడుతుందో ఇవాళ సాయంత్రం మెల్లగా నడిచి చూస్తాను.